అంబులెన్స్ వెనకాల ఉండేది ఎవరు? ఆ ఉద్యోగానికి దారి ఎటు?

కుయ్ కుయ్ మంటూ 108 వస్తే బండి పక్కకు తీస్తాం. ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకున్న మనిషి కనిపిస్తాడు. 108 వాళ్ల భాషలో ఆయన డ్రైవర్ కాదు, పైలట్. వెనక అద్దాల్లోంచి మాత్రం ఏమీ కనపడదు. అక్కడ ఇంకో మనిషి ఉంటారు. ఊగిపోతున్న బండిలో ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో పేషెంట్ ముఖానికి ఆక్సిజన్ మాస్క్ అదిమి పెట్టి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించి డాక్టర్‌తో మాట్లాడుతుంటారు. ఆ మనిషిని ఈఎంటీ అంటారు. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అన్నమాట. బయటి దేశాల్లో ఇంతకంటే ఎక్కువ చదివి, ఎక్కువ పనులు చేసే స్థాయికి చేరితే పారామెడిక్ అంటారు.

ఈ ఉద్యోగం ఎలా వస్తుందో అడిగి చూడండి. కాలేజీలో అడిగితే "పారామెడికల్ కోర్సు చెయ్" అంటారు. ఊళ్లో అడిగితే "108లో తెలిసినవాళ్లు ఉన్నారా?" అంటారు. ఫోన్‌లో వెతికితే "మూడు నెలల్లో పారామెడిక్, వంద శాతం ఉద్యోగం గ్యారంటీ" అని ప్రకటన వస్తుంది. మూడింట్లో ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. బైపీసీ అయ్యాక నీట్‌లో సీటు రాక, నర్సింగా, ల్యాబ్ టెక్నీషియనా, ఇంకేదైనానా అని తేల్చుకోలేని వాళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది. వాళ్ల ఇంట్లో ఫీజు కోసం తెచ్చేది చాలాసార్లు అప్పే. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

తాగి పడిపోయాడు అనుకుంటే...

ముందు అసలు ఆ పనేంటో తెలియాలి. స్ట్రెచర్ మీద ఎక్కించి ఆసుపత్రిలో దించడం అనుకుంటే అది సగం కూడా కాదు.

ఒక సన్నివేశం ఊహించుకోండి. రాత్రి తొమ్మిదిన్నర. వైన్ షాపు పక్కన ఒకాయన పడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. మాట తడబడుతోంది, లేపబోతే చేతులు విసురుతున్నాడు. చుట్టూ మూగినవాళ్లు అప్పటికే తేల్చేశారు: "ఫుల్లుగా తాగాడు, పడుకోనివ్వండి." ఈఎంటీ అక్కడితో ఆగకూడదు. వేలికి సూది గుచ్చి షుగర్ చూడాలి. మీటర్ మీద 38 అని వచ్చిందనుకోండి, కథ మొత్తం మారిపోతుంది. 70 కంటే కిందకు వెళ్తేనే షుగర్ పడిపోయినట్టు లెక్క. అలా పడిపోయినవాడు అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు. నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తే చాలాసార్లు కొన్ని నిమిషాల్లోనే లేచి కూర్చుని "నా బండేది?" అంటాడు. ఎవరూ చూడకుండా వదిలేస్తే తెల్లారేసరికి ప్రాణమే ఉండకపోవచ్చు.

ఇంకో కాల్. పత్తి చేను పక్కన ఇల్లు. లోపల ఒకరికి నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొన అంత చిన్నదైపోయింది. ఇంట్లోవాళ్లు "కడుపునొప్పి" అంటారు. నిజం చెప్పడానికి భయం, పరువు. కంటిపాప మాత్రం అబద్ధం చెప్పదు. అది పురుగుల మందు. పక్కన డబ్బా ఉందేమో వెతికి ఆసుపత్రికి పట్టుకెళ్లాలి, బట్టలు తీసేయించి ఒళ్లు కడగాలి, నోట్లో ఊరుతున్నది సక్షన్‌తో లాగేస్తూ ఊపిరి దారి మూసుకోకుండా చూడాలి. అట్రోపిన్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలో కాల్ సెంటర్‌లో ఉండే డాక్టర్‌ను అడగాలి. ఇంతలో పెద్దాయన ఒకరు ఉప్పునీళ్లు తాగించడానికి చెంబు పట్టుకుని వస్తారు. ఆయన్ను నొప్పించకుండా ఆపడం కూడా డ్యూటీలో భాగమే. ఏ పుస్తకంలోనూ ఉండదది.

యాక్సిడెంట్లే ఎక్కువ ఉంటాయని అందరూ అనుకుంటారు. నిజానికి 108 కేసుల్లో గర్భిణుల వాటా చాలా పెద్దది. "అంబులెన్స్‌లోనే ప్రసవం, తల్లీబిడ్డ క్షేమం" అనే వార్త జిల్లా పేజీల్లో మీరెన్నిసార్లు చూసి ఉంటారో. ఆ ఒక్క లైను వెనక ఏం జరిగిందంటే: రోడ్డు పక్కన బండి ఆపారు, బిడ్డ బయటికొచ్చింది, ఏడవలేదు. తడి తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు రుద్ది చూశారు. అయినా ఊపిరి తీయకపోతే మొదటి నిమిషం దాటకుండా చిన్న మాస్క్, బ్యాగ్‌తో ఊపిరి అందించాలి. దాన్నే గోల్డెన్ మినిట్ అంటారు. అరవై సెకన్లే. అప్పుడు పుస్తకం తెరిచే టైమ్ ఉండదు కదా. చేతికి ముందే వచ్చి ఉండాలి.

ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే. ఈ ఉద్యోగానికి కావాల్సింది గోడకు తగిలించే సర్టిఫికెట్ కంటే, నేర్పేవాళ్లు పక్కన ఉండగా నిజమైన పేషెంట్ల మీద మీ చేతులు ఎన్ని గంటలు పనిచేశాయన్నది. కోర్సును కొలిచే కొలబద్ద కూడా అదే కావాలి.

ఇదంతా ఎక్కడ మొదలైంది?

ఒకప్పుడు అంబులెన్స్ అంటే పడుకోబెట్టి తీసుకెళ్లే వ్యాను. అమెరికాలో కూడా అంతే. పిట్స్‌బర్గ్ నగరంలో 1960ల దాకా పోలీసు వ్యాన్‌లోనే పేషెంట్‌ను పడేసి తీసుకెళ్లేవారు. అక్కడే పీటర్ సఫర్ అనే డాక్టర్ ఉండేవారు. ఇప్పుడు మనం చేస్తున్న సీపీఆర్‌కు రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1966లో ఆయన సొంత కూతురు ఆస్తమా దాడితో చనిపోయింది. ఆ మరుసటి ఏడాది, 1967లో, హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతివారి పేటలో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సర్వీసు మొదలైంది. ఉద్యోగాల్లేని కుర్రాళ్లను తీసుకున్నారు. వాళ్లలో కొందరు హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. సఫర్ వాళ్లకు సుమారు 300 గంటల శిక్షణ ఇప్పించారు. "వీళ్లు పనికిరారు" అని ఊరంతా అనుకున్నవాళ్లే అక్కడ తొలితరం పారామెడిక్‌లయ్యారు. 1975లో నగరపాలన సొంత సర్వీసు పెట్టుకుని వీళ్లను పక్కకు నెట్టేసింది. అదో బాధాకరమైన కథ. కానీ వాళ్లకు మెడికల్ డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్ నాన్సీ కరోలిన్ తర్వాత రాసిన పాఠ్యపుస్తకం చాలా దేశాల పారామెడిక్‌లకు చదువైంది.

మన దగ్గర మలుపు 2005 ఆగస్టు 15. ఆ రోజు హైదరాబాద్‌లో 108 మొదలైంది. నడిపింది ఈఎంఆర్ఐ అనే సంస్థ. సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం దాన్ని ఊరూరికీ తీసుకెళ్లింది. సభల్లో ఆయన "కుయ్ కుయ్ కుయ్" అనడం ఇప్పటికీ యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉంటుంది. తెలుగు నేల మీద మొదలైన ఈ నమూనానే తర్వాత చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి. బండ్లు కొనడం తేలికే, వెనకాల కూర్చోవడానికి వేలమంది కావాలి. అప్పటికి మన దేశంలో ఆ చదువు పెద్దగా లేదాయె. అందుకే సైన్స్ డిగ్రీ చేసినవాళ్లను తీసుకుని, కొన్ని వారాల శిక్షణ ఇచ్చి బండి ఎక్కించారు. మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ దగ్గర ఉన్న ఈఎంఆర్ఐ క్యాంపస్‌లో ట్రైనింగ్ తీసుకున్న తొలి బ్యాచ్‌లు అలాంటివే. ఆ తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డాక్టర్లతో కలిసి రెండేళ్ల అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా నడిపారు.

ఉద్యోగం ముందు వచ్చింది, చదువు వెనక వచ్చింది. ఇప్పటి గందరగోళానికి మూలం అదే.

పారామెడికల్ వేరు, పారామెడిక్ వేరు

రెండు మాటలూ వినడానికి ఒకలాగే ఉంటాయి. మన రెండు రాష్ట్రాల్లో "పారామెడికల్" అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే, ఈసీజీ, డయాలసిస్, అనస్థీషియా టెక్నీషియన్, కళ్ల పరీక్ష చేసే ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్, ఇలాంటివన్నీ కలిపి పెట్టిన పేరు. ఈ డిప్లొమాలను తెలంగాణలోనూ ఏపీలోనూ పారామెడికల్ బోర్డులు చూస్తాయి. ఇంటర్ మార్కులే ఆధారం. బైపీసీ వాళ్లకు మొదటి ప్రాధాన్యం, సీట్లు మిగిలితే ఎంపీసీ, ఆ తర్వాత మిగతా గ్రూపులు. మంచి కోర్సులే. కానీ డయాలసిస్ డిప్లొమా చేసి అంబులెన్స్ పారామెడిక్ అయిపోతానని చేరితే మాత్రం పొరపాటు పడ్డట్టే.

అలాగని ఆ దారిలో 108కి అసలు వెళ్లలేమా? వెళ్లొచ్చు. 108 ఈఎంటీ పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు చూడండి. బీఎస్సీ లైఫ్ సైన్సెస్, బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం, బీఫార్మసీ, డీఫార్మసీ, డీఎంఎల్‌టీ... ఇలా పెద్ద లిస్టే ఉంటుంది. ప్రకటన ప్రకటనకూ కాస్త మారుతుంది. ఎంపికయ్యాక సంస్థే శిక్షణ ఇస్తుంది. అంటే మీరిప్పటికే నర్సింగో ఫార్మసీయో చేసి ఉంటే, ఈఎంటీ కావడానికి మళ్లీ లక్షలు పోసి ఇంకో కోర్సు చేయాల్సిన పని లేకపోవచ్చు. ఈ సంగతి చెప్పే ఇన్‌స్టిట్యూట్ మాత్రం మీకు దొరకదు!

ఇంటర్ అయిన వెంటనే ఇదే పని చేయాలని ఉంటే రెండు తలుపులున్నాయి. ఒకటి చిన్నది. కేంద్రం స్కిల్ వ్యవస్థలో హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చే ఈఎంటీ బేసిక్ సర్టిఫికెట్. పన్నెండో తరగతి పాసైతే చాలు, కొన్ని నెలల్లో అయిపోతుంది. ఆసుపత్రి క్యాజువాలిటీలోనో ప్రైవేటు అంబులెన్స్‌లోనో అడుగుపెట్టడానికి పనికొస్తుంది. రెండోది పెద్ద తలుపు. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలోనో, ఎమర్జెన్సీ అండ్ ట్రామా కేర్‌లోనో బీఎస్సీ. పేరు యూనివర్సిటీని బట్టి మారుతుంది. సాధారణంగా మూడేళ్ల చదువు, పైన ఇంటర్న్‌షిప్.

ఈ రెండింటి మధ్య తేడా ఎంతో చెప్పే లెక్క ఒకటుంది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. అప్పటిదాకా డాక్టర్‌కూ నర్సుకూ ఫార్మసిస్ట్‌కూ కౌన్సిళ్లు ఉండేవి గానీ వీళ్లకు లేవు. ఈ చట్టం జాబితాలో "ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ (పారామెడిక్)" అని పేరు పెట్టి మరీ చేర్చారు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనే పై మెట్టుకు కనీసం 3,600 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున లెక్కేసినా 2,000 గంటలంటే 250 రోజులు. మూడు నెలల కోర్సులో ఒక్క ఆదివారం కూడా వదలకుండా క్లాసులు పెట్టినా 720 గంటలే అవుతాయి. ప్రకటనలో "మూడు నెలల్లో పారామెడిక్" అని ఉంటే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. చాలు.

క్లాసులో ఏం చేయిస్తారు?

ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. మొదటి నెలల్లో సైరన్ ఉండదు. శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, మందుల పేర్లు, మోతాదులు. బైపీసీ బాగా చదివినవాళ్లకు ఇది తేలిక. బోర్ కూడా కొట్టొచ్చు. తర్వాత స్కిల్ ల్యాబ్. ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టి సీపీఆర్. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, ప్రతి 30 నొక్కులకూ రెండు ఊపిర్లు. సినిమాలో హీరో చేసినట్టు మోచేతులు వంచి మెల్లగా నొక్కితే బొమ్మలో లైటే వెలగదు. రెండు నిమిషాలు సరిగ్గా చేసి చూడండి, ఏసీ గదిలో కూడా చెమట పడుతుంది. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు.

మెడకు కాలర్ వేయడం, విరిగిన కాలికి స్ప్లింట్ కట్టడం, హెల్మెట్ తీయడం. హెల్మెట్ తీయడానికి కూడా పద్ధతి ఉంటుందా అనుకోకండి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మెడ కదలకుండా పట్టుకోవాలి. రోడ్డు మీద ఎవరో మంచి మనసుతో గబుక్కున లాగేసిన హెల్మెట్, మెడ ఎముక విరిగి ఉంటే జీవితాంతం మంచానికి పరిమితం చేయగలదు. పాముకాటుకు ఏం చేయకూడదో కూడా అంతే ముఖ్యంగా నేర్పుతారు: తాడుతో బిగించి కట్టకూడదు, బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

ఆ తర్వాత వచ్చేదే అసలైన చదువు. క్లినికల్ పోస్టింగ్. క్యాజువాలిటీ, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూమ్, పిల్లల వార్డు, చివరికి అంబులెన్స్. జిల్లా ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో ఒక రాత్రి కూర్చుంటే, కార్పొరేట్ ఆసుపత్రి సెమినార్ హాల్లో నెల రోజుల్లో రానిది వస్తుందన్నది నా అభిప్రాయం. మొదటిసారి నరం దొరకదు. రెండోసారీ దొరకదు. పేషెంట్ భార్య మీ వంక కోపంగా చూస్తుంది. సీనియర్ సిస్టర్ వచ్చి ఒక్క దెబ్బలో సూది పెట్టి వెళ్లిపోతుంది. ఆ సిస్టర్‌తో మంచిగా ఉండండి. మీకు నేర్పే అసలు టీచర్ ఆవిడే.

ఎంతమంది మధ్య ఎవరిని ముందు ఎత్తాలన్నది మరో పాఠం. బస్సు బోల్తా పడింది, ఇరవై మంది, వచ్చింది ఒక్క బండి. గట్టిగా అరుస్తున్నవాడి దగ్గరికే కాళ్లు లాగుతాయి. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందని అర్థం. ముందు చూడాల్సింది చప్పుడు చేయకుండా పడి ఉన్నవాళ్లను. శిక్షణ అంటే ఆ లాగే కాళ్లను ఆపుకోవడమే.

బండ్లలో కూడా రకాలున్నాయి. ఏఐఎస్-125 అనే ప్రమాణం ప్రకారం టైప్ ఏ అంటే ముందుగా చేరుకునే బైక్ లాంటి వాహనం, బీ అంటే పేషెంట్‌ను చేరవేసేది, సీ అంటే బేసిక్ లైఫ్ సపోర్ట్, డీ అంటే అడ్వాన్స్‌డ్. డీ బండిలో వెంటిలేటర్, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటాయి. మీరు ఏ బండిలో కూర్చోగలరన్నది మీ శిక్షణను బట్టే. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ అనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోర్సులు అడిషనల్‌గా చేస్తారు. వాటి కార్డులు రెండేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. ఏసీఎల్ఎస్ కోసం తొందరపడొద్దు. ఈసీజీ చదవడం రాకుండా ఆ క్లాసుకు వెళ్తే డబ్బు ఖర్చే మిగులుతుంది.

ఫీజు కట్టే ముందు

కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగ్ చూడకండి. ఏ ఆసుపత్రిలో పోస్టింగ్, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అని అడగండి. "అన్ని పెద్ద హాస్పిటల్స్‌తో టైఅప్ ఉంది" అంటే ఒప్పందం కాగితం చూపించమనండి. ఆ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి, ఈ కాలేజీ పిల్లలు నిజంగా వస్తారా అని అక్కడి సిస్టర్‌ను అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీ, డిప్లొమా అయితే ఏ బోర్డు, ఆ బోర్డు లిస్టులో ఈ కాలేజీ పేరూ ఈ కోర్సు పేరూ రెండూ ఉన్నాయా అన్నది వాళ్ల వెబ్‌సైట్‌లో మీరే చూడాలి. కాలేజీ గుర్తింపు ఉన్నదే, కోర్సుకు మాత్రం గుర్తింపు లేదు అనే కథలూ ఉంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందే ఇచ్చేయమంటే జాగ్రత్త. చివరగా, పోయినేడాది బ్యాచ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే మీకు జవాబు వచ్చేసినట్టే.

పోస్టింగ్‌కు వెళ్లే ముందు హెపటైటిస్-బి టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి. సూది గుచ్చుకోవడం ఈ పనిలో ఎప్పుడైనా జరగొచ్చు. కోర్సు టీకా గురించి అసలు మాట్లాడకపోతే, ఆ కోర్సు పేషెంట్ల దాకా వెళ్లదేమోనని నాకైతే అనుమానం.

జీతం, డ్యూటీ, మిగతా నిజాలు

ఇన్‌స్టాలో యూనిఫామ్ వీడియోలు బాగుంటాయి. జీతం గురించి మాట్లాడే వీడియోలు తక్కువ. ఒక అధికారిక అంకె చెప్పుకుందాం. 2020 జులై 1న విజయవాడలో అప్పటి సీఎం వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి 1,088 కొత్త 108, 104 వాహనాలను ప్రారంభించారు. ఆ రోజే, అప్పటిదాకా 12 వేలు ఉన్న ఈఎంటీల జీతాన్ని సర్వీసును బట్టి 20 వేల నుంచి 30 వేల దాకా పెంచుతున్నట్టు ప్రకటించారు. అంటే 108 వచ్చిన పదిహేనేళ్లకు కూడా ప్రాణం నిలబెట్టే మనిషి జీతం 12 వేలు! ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఇంకోటి. 108 మీద ప్రభుత్వం ముద్ర ఉన్నా, లోపల పనిచేసేవాళ్లు సాధారణంగా కాంట్రాక్టు తీసుకున్న సంస్థ ఉద్యోగులు. ఏపీలో ఆ కాంట్రాక్టు కొన్నేళ్లలోనే ఒకటి కంటే ఎక్కువసార్లు చేతులు మారింది. సంస్థ మారినప్పుడల్లా పాత సర్వీసు లెక్క ఏమవుతుందన్నది ఉద్యోగుల దిగులు. 12 గంటల షిఫ్టు బదులు 8 గంటలు కావాలని, రెగ్యులర్ చేయాలని రెండు రాష్ట్రాల్లోనూ సమ్మెలు జరిగాయి. చేరేటప్పుడు పీఎఫ్ నంబర్, అపాయింట్‌మెంట్ లెటర్ మీ చేతిలో పెట్టుకోవాలి. "తర్వాత ఇస్తాం" అంటే కుదరదని చెప్పండి.

నడుం గురించి ఎవరూ చెప్పరు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు నుంచి తొంభై కేజీల మనిషిని దించాలి. పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో బండి ఆగిన చోటి నుంచి కొండ మీద గూడెం దాకా నడక, డోలీ మోత. ఎత్తే పద్ధతి నేర్చుకోకపోతే ముప్పై ఏళ్లకే నడుం బెల్టు పెట్టుకోవాలి. ఆలస్యంగా వచ్చారని బంధువులు చొక్కా పట్టుకున్న రోజులుంటాయి. రైల్వే గేటు పడిందని వాళ్లకు చెప్పినా వినిపించుకోరు. చిన్నపిల్లల కేసు పోయిన రాత్రి ఇంటికెళ్లి అన్నం తినలేరు. దాని గురించి తోటి ఈఎంటీతోనో పైలట్‌తోనో మాట్లాడాలి. గుండెల్లో పెట్టుకు తిరిగేవాళ్లు ఎక్కువకాలం నిలవడం కష్టం.

అమ్మాయిలకు సరిపడుతుందా అని ఇంట్లో అడుగుతారు. ప్రసవం కేసుల లెక్క పైన చెప్పాను. నొప్పులు పడుతున్న ఆ తల్లిని అడగండి, వెనకాల ఎవరుంటే ధైర్యమో.

108 ఒక్కటే కాదు

ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, ఎయిర్‌పోర్టులు, పెద్ద ఈవెంట్లు, ఎయిర్ అంబులెన్స్‌లు. ఫ్యాక్టరీలో 500 మందికి పైగా కార్మికులుంటే చట్టం ప్రకారం అంబులెన్స్ రూమ్ తప్పనిసరి. విశాఖ, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫార్మా, స్టీలు కంపెనీల గేట్లలోపల ఈ ఉద్యోగాలుంటాయి. చాలామంది అటు చూడనే చూడరు. ఇంట్లో వాళ్లకు నచ్చే డే షిఫ్ట్ కూడా అక్కడే దొరుకుతుంది.

బయటి దేశం కల ఉంటే ముందే ఒక సంగతి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో "పారామెడిక్" అనే మాట చట్టం కాపాడే హోదా. హెచ్‌సీపీసీ అనే సంస్థలో రిజిస్టర్ కాకుండా ఆ పేరు పెట్టుకుంటే నేరం. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ డిగ్రీ స్థాయి చదువే కనీస ప్రమాణం. అమెరికాలో ముందు ఈఎంటీ, తర్వాత పారామెడిక్, జాతీయ పరీక్ష, ఆపైన ఆ రాష్ట్రం లైసెన్సు. గల్ఫ్ మనకు దగ్గర. కరీంనగర్, నిజామాబాద్‌లో ఇంటికొకరు అక్కడ ఉంటారు. దుబాయ్‌లో అక్కడి లైసెన్సు, సౌదీలో ఎస్‌సీఎఫ్‌హెచ్ఎస్ లైసెన్సు కావాలి. మీ సర్టిఫికెట్ నిజమైనదేనా అని నేరుగా మీ కాలేజీకే రాసి అడుగుతారు. ఆ కాలేజీ అప్పటికి షట్టర్ దించేసి ఉంటే? ఏజెంట్ దగ్గర ఎన్ని లక్షలు కట్టినా పని జరగదు. మూడు నెలల సర్టిఫికెట్ అసలు ధర అప్పుడు తెలుస్తుంది.

చేరాలా వద్దా తేల్చుకోలేకపోతున్నారా? ముందు సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకోండి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు చిన్న కోర్సులు నడుపుతాయి. బస్ కండక్టర్ లైసెన్సుకు కూడా ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ అడుగుతారు, అంటే అదేమంత దొరకని వస్తువు కాదు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా లేదా అన్నది ఇంట్లో కూర్చుంటే తేలదు. మొదట్లో కళ్లు తిరగడం మామూలే, చాలామందికి అలవాటైపోతుంది కూడా. రోడ్డు మీద ఎవరికైనా సాయం చేస్తే కేసు మెడకు చుట్టుకుంటుందని భయపడకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది.

ఆపైన మీ మండలంలో 108 బండి ఎక్కడ ఆగుతుందో కనుక్కుని డ్యూటీ మారే వేళకు వెళ్లండి. ఈఎంటీ లోపల ఆక్సిజన్ సిలిండర్‌లో ఎంత ఉందో, మందుల గడువు ఎప్పుడు తీరుతుందో, సక్షన్ పనిచేస్తుందో లేదో చూసి రాసుకుంటూ ఉంటారు. ఏం చదివారు, ఎంత ఇస్తున్నారు, మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ఇదే ఎంచుకుంటారా అని అడగండి. ఫోన్‌లో ఎవరూ చెప్పని సంగతులు చెబుతారు. మాట మధ్యలో కాల్ వస్తే తలుపేసుకుని వెళ్లిపోతారు, ఏమీ అనుకోకండి. మర్నాడు మళ్లీ వెళ్లండి.